నెల్లూరు నుండి నేటాలుకు: ఒక తెలుగు కాపరి కుటుంబము



మన ఎర్రగుంట్ల స్టేషనులో మద్రాసు వైపు వెళ్లే పట్టాలను మీరందరూ చూచే ఉంటారు. ఆ దారిన ఈనాడు నాపబండలు, సిమెంటు బస్తాలు పోతున్నవి. కడపలోనో రాజంపేటలోనో మరికొందరు ఎక్కుతారు. వారిలో చాలామంది చెన్నై విమానాశ్రయము మీదుగా కువైటుకు పోయేవారే. భర్తను విడిచి, చంటిబిడ్డను అవ్వ ఒడిలో పెట్టి, కన్నీళ్లు తుడుచుకొంటూ పెట్టె ఎక్కే తల్లులను మన సంఘములలో ఎరుగనివారు ఎవరు? ఇది నిన్న మొన్న మొదలైన సంగతి అని మనము అనుకొంటాము. కాదు. ఈ పట్టాల మీద ఇటువంటి ప్రయాణములు 140 ఏళ్లకు ముందే జరిగినవి. అప్పుడు రేవులో ఓడ ఉండేది, ఇప్పుడు విమానము ఉన్నది.

ఆ ఓడలు ఎక్కిన మన తెలుగువారిని గూర్చి, వారి వెనుక సముద్రము దాటి వెళ్లిన ఒక కాపరి కుటుంబమును గూర్చి ఈ మాసము మీకు చెప్పవలెనని ఆశిస్తున్నాను. మిషనరీ అనగానే మన కళ్లయెదుట తెల్లదొర నిలుస్తాడు. అది మన తప్పు కాదు. కడపకు లండను మిషను 1822లో వచ్చింది. జమ్మలమడుగులో కాంప్‌బెల్ దొరగారి పేరుతో ఉన్న ఆసుపత్రిలో మనలో ఎంతమంది పుట్టలేదు? మనము అందుకొన్నవారము, నిజమే. అయితే మనము పంపినవారము కూడ. ఈ రెండవ మాటను మన సండే స్కూలు పుస్తకములు చాల తక్కువగా చెప్తున్నవి.

మొదట ఆ ఓడల సంగతి చూద్దాము.

ఆఫ్రికా ఖండపు దక్షిణ కొనన, తూర్పు తీరములో నేటాలు అనే దేశము ఉండెను. అది అప్పుడు ఇంగ్లీషువారి వలస రాజ్యము. ఇప్పుడు అది దక్షిణాఫ్రికాలో ఒక రాష్ట్రము. తెల్లదొరలు అక్కడ చెరకు నాటారు. ఆ నేలకు సొంతవారైన జూలూ ప్రజలు తమ పశువులు, తమ చేలు విడిచి దొరల తోటలలో కూలికి రావడానికి ఇష్టపడలేదు. చెరకు కోతకు వచ్చి నిలిచింది, చేతులు లేవు. అప్పుడు దొరల కన్ను మన దేశము మీద పడింది. 1860 అక్టోబరులో మద్రాసు రేవు నుండి ట్రూరో అనే ఓడ 342 మందితో బయలుదేరి, 35 దినములు ప్రయాణము చేసి, నవంబరు 16వ తేదీన డర్బను రేవు చేరింది. అది మొదలు 1911 వరకు, నడుమ కొన్ని ఏళ్లు ఆగినను, మొత్తము 1,52,184 మంది ఆ దేశమునకు చేరారు. వారిలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుండి ఎక్కినవారే. అందులో అరవవారు ఎక్కువ, తెలుగువారు వారి తరువాత. ఉత్తర ఆర్కాటు, నెల్లూరు, కడప, గోదావరి, విశాఖపట్టణము, ఇట్లు అనేక జిల్లాలవారు. మొదటి ఓడలోనే కొందరు క్రైస్తవులు కూడ ఉన్నారు.

ఎందుకు వెళ్లారు? మన సీమవారికి ఈ ప్రశ్నకు జవాబు చెప్పనక్కరలేదు. మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకొన్న 1876 నుండి 1878 వరకు వచ్చిన కరువులో కర్నూలు జిల్లా జనములో దాదాపు నాలుగవ వంతు తరిగిపోయినారని 1871, 1881 జనాభా లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. చచ్చినవారు కొందరు, దేశము విడిచినవారు కొందరు. మద్రాసు నుండి మన ఊరి మీదుగా పోయే రైలు అప్పటికి కొత్తది. 1871లో రాయచూరు దగ్గర అది బొంబాయి లైనుతో కలిసింది. ఐదేళ్లు తిరగకముందే కరువు. ఆ రైలు గింజలు తెచ్చింది, అదే రైలు మనుష్యులను తీసికొనిపోయింది.

సంతలలో, సత్రములలో మేస్త్రీలు తిరిగేవారు. తల ఒక్కింటికి ఇంత అని వారికి కమీషను. అక్కడ పని తేలిక, బువ్వకు కొదువ లేదు అని చెప్పేవారు. వారు చెప్పనిది కాగితములో ఉండేది. ఐదేళ్ల ఒప్పందము. మొదటి ఏట నెలకు 10 షిల్లింగుల జీతము, ఏటేట ఒక షిల్లింగు పెంపు. 1903 నాటి లెక్కలో పది షిల్లింగులంటే ఏడున్నర రూపాయలు. బియ్యము, పప్పు, ఉప్పు, ఎండుచేప తోట యజమాని ఇస్తాడు. ఆడవారికి ఇందులో సగము. చీటీ లేకుండ తోట దాటి పోరాదు. ఒక దినము పనికి రాకపోతే రెండు దినముల కూలి కోత. చదువు రానివాడు ఆ కాగితము మీద బొటనవ్రేలు అద్దేవాడు. అగ్రిమెంటు అనే ఇంగ్లీషు మాట ఈ కూలీల నోట గిరిమిట్ అయ్యింది. ఆ కాగితము మీద వెళ్లినవారికి గిరిమిటియాలు అని పేరు నిలిచింది.

ఇక్కడ ఒక్క నిమిషము ఆగి, వేరొక దేశపు వలసను దీని పక్కన పెట్టి చూడమని మిమ్మును కోరుతున్నాను. ఐరోపా ఉత్తరాన నార్వే అనే చలిదేశము ఉన్నది. అక్కడ కూడ రాళ్ల భూములు, చాలీచాలని సేద్యము. 1825 జూలై 4న 52 మంది ఒక చిన్న తెరచాప ఓడలో స్టావాంగరు రేవు నుండి అమెరికాకు బయలుదేరారు. నడిసముద్రములో ఒక బిడ్డ పుట్టింది, 53 మందిగా న్యూయార్కులో దిగారు. తరువాతి నూరేళ్లలో సుమారు ఎనిమిది లక్షలమంది ఆ దారినే వెళ్లారు. 1862లో అమెరికా ప్రభుత్వము ఒక చట్టము చేసింది. దాని ప్రకారము వలస వచ్చినవాడు ఐదేళ్లు ఒక చోట కాపురముండి దున్నితే 160 ఎకరములు వాని సొంతమవుతుంది. (ఆ భూమి అంతకు ముందు అక్కడి ఆదివాసులది అన్నది మరువరాదు.) నార్వే కుటుంబములు మట్టిగడ్డలతో గోడలు కట్టుకొని ఉన్నారు, మంచులో బిడ్డలను పోగొట్టుకొన్నారు. అయినా ఐదేళ్ల తరువాత చేతికి పట్టా వచ్చింది.

మనవారికి కూడ ఐదేళ్లే. ఐదేళ్ల తరువాత వచ్చిన కాగితము వేరు. 1895లో నేటాలు ప్రభుత్వము చేసిన చట్టము ప్రకారము, ఒప్పందము ముగిసిన కూలీ మరల రెండేళ్లకు వ్రేలిముద్ర వేయవలెను, లేదా మన దేశమునకు తిరిగి పోవలెను, లేదా ఆ దేశములో ఉన్నందుకు ఏటికి 3 పౌనుల పన్ను కట్టవలెను. మూడు పౌనులంటే 45 రూపాయలు, అనగా మొదటి ఏటి జీతములో ఆరు నెలల కష్టము. 1903లో ఆ పన్నును పదహారేళ్లు దాటిన కుమారునికి, పదమూడేళ్లు దాటిన కుమార్తెకు కూడ వేశారు. భార్యాభర్తలు, ఎదిగిన ఇద్దరు పిల్లలు ఉన్న ఇంటికి ఏడాదికి 12 పౌనులు! ఒకే కాలములో, ఒకే రకపు పేదలు, రెండు ఓడలు ఎక్కారు. ఒకరిని రైతులుగా ఎంచారు, ఇంకొకరిని చేతులుగా ఎంచారు. రంగు తప్ప వేరే కారణము నాకు కనబడుట లేదు.

నార్వేవారు చేసిన ఇంకొక పని మన సంగతికి సంబంధించినది. వారు వెళ్లిన చోటెల్ల గుడి కట్టుకొన్నారు, కాపరి కావాలని స్వదేశమునకు జాబులు వ్రాశారు. వచ్చిన కాపరులు చాలక 1861లో తామే ఒక కళాశాల పెట్టుకొన్నారు. ఆ కళాశాల ఈనాటికీ ఉన్నది. పరదేశములో మనిషికి మొదట కూడు కావాలి, రెండవది తన భాషలో తనతో ప్రార్థించే మనిషి కావాలి. ఇది నార్వేవానికి ఎంత నిజమో నెల్లూరువానికి అంతే నిజము.

నేటాలులో డర్బనుకు ఉత్తరాన, సుమారు 70 కిలోమీటర్ల దూరములో స్టాంగరు అనే ఊరు ఉన్నది. దానికి కొంచెము లోపలగా, కొండవాలులో కియర్స్‌నీ అనే తేయాకు తోట. దాని యజమాని లీజ్ హ్యూలెట్ దొర. ఆయన మెథడిస్టు విశ్వాసి, స్వయముగా ప్రసంగములు చేసేవాడు. కాఫీ తోటలు తెగులుతో చెడిపోగా 1877లో అస్సాము గింజలు తెప్పించి తేయాకు వేశాడు. తేయాకుకు చెరకు కంటె ఎక్కువ చేతులు కావాలి. లేత చిగురు చూచి, నలుగకుండ గిల్లవలెను. బుట్ట నిండితే గాని ఇంటికి పోరాదు. ఆడవారు, పిల్లలు వరుసలలో నిలబడి ఆకు కోసేవారు. ఆ వరుసలలో తెలుగు మాట వినబడేది. అందులో నెల్లూరు ప్రాంతపు బాప్టిస్టు విశ్వాసులు కొందరు ఉన్నారు.

యజమాని ఆదివారము వాక్యము చెప్పేవాడైనను సోమవారము నుండి గిరిమిట్ గిరిమిట్టే. ఆ దొర మంచివాడా చెడ్డవాడా అని నన్ను అడిగితే, మంచి మనిషి చేతిలో కూడ చెడ్డ చట్టము చెడ్డగానే పనిచేస్తుంది అని చెప్తాను. నేటాలు తోటలలో కూలీల ఆత్మహత్యలు ఎంత ఎక్కువగా ఉండెనో ఆనాటి పత్రికలలోనే వచ్చింది. వారి సంరక్షణ కొరకు ఒక అధికారి ఉండెను, ప్రొటెక్టరు అని ఆయనకు బిరుదు. కూలీ ఆయన దగ్గరకు వెళ్లి ఫిర్యాదు చేయవలెనంటే తోట దాటవలెను, చీటీ లేకుండ తోట దాటడము నేరము! ఈనాడు గల్ఫు దేశములకు పోయే మన పిల్లల కాగితములు చూచే అధికారికి కూడ ఇదే బిరుదు, ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్. మాట పాతదే. పని బాగుగా జరుగుచున్నదో లేదో కువైటు నుండి వచ్చినవారిని అడగండి.

సరే, మన కథకు వద్దాము. ఆ కియర్స్‌నీ విశ్వాసులు పాకలలో కూడుకొని ప్రార్థించుకొంటున్నారు. బాప్తిస్మము ఇచ్చేవారు లేరు, ప్రభురాత్రి భోజనము ఇచ్చేవారు లేరు. మాకొక తెలుగు కాపరిని పంపండి అని నెల్లూరుకు కబురు వచ్చింది.

ఎవరికి వచ్చింది ఈ కబురు? దీనిని జాగ్రత్తగా గమనించండి. నెల్లూరులో అమెరికా బాప్టిస్టు మిషను శామ్యేల్ డే దొరగారితో 1840లో మొదలైనది. చాల ఏళ్లు ఫలము లేక, దీనిని మూసివేద్దామా అని అమెరికాలో ఒకసారి కాదు, మరల మరల చర్చించారు. తరువాత ఒంగోలులో క్లౌ దొరగారి కాలము వచ్చింది. ఇందాక చెప్పిన అదే ధాత కరువులో ఆయన బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకము కాంట్రాక్టు తీసికొని వేలమందికి కూలి ఇచ్చారు. కరువు పని ముగిసే వరకు ఎవ్వరికీ బాప్తిస్మము ఇవ్వలేదు, అన్నము కొరకు వచ్చారనే మాట రాకుండ. 1878 జూలై 3వ తేదీన వెలంపల్లి వద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. మాదిగపల్లెల నుండి వచ్చిన తోలుపనివారు, కూలివారు వారిలో అనేకులు.

ఇప్పుడు 1878కి 25 ఏళ్లు కలపండి. కరువులో కాలువ త్రవ్విన తరము ఇంకా బ్రతికి ఉన్నది. వారి బిడ్డలు పెద్దవారైనారు. ఆ తెలుగు బాప్టిస్టు సంఘములు తమకొక హోమ్ మిషను సంఘము పెట్టుకొన్నవి. పల్లె సంఘముల కానుకలు అంటే మీకు తెలియనిదా? పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు తల్లి పక్కకు తీసిన పిడికెడు బియ్యము, సంక్రాంతికి ఇచ్చిన కోడి, కోతలలో తెచ్చిన కుంచము జొన్నలు. ఆ హోమ్ మిషను నేటాలు నుండి వచ్చిన కబురును విన్నది. ఇది దొరల పని, అమెరికాకు వ్రాద్దాము అని వారు అని ఉండవచ్చును. అనలేదు. తమలో ఒకరిని పంపారు.

ఆయన పేరు జాన్ రంగయ్య గారు. నెల్లూరు మిషనులో చదువుకొని ఉపాధ్యాయుడుగా ఉండినవారు. 1903లో భార్యాపిల్లలతో సముద్రము దాటి నేటాలులో దిగారు. తెలుగు బాప్టిస్టులు పరదేశమునకు పంపిన మొదటి మిషనరీ ఆయనే. అదే 1903వ సంవత్సరము ఫిబ్రవరి 12న తిరునెల్వేలిలో అరవ విశ్వాసులు కూడ తమ సొంత మిషనరీ సంఘమును స్థాపించి, తరువాత మన తెలుగుదేశములోని దోర్నకల్లు ప్రాంతమునకు పనివారిని పంపారు. దానిలో ముఖ్యుడైన అజరయ్య గారు తరువాత దోర్నకల్లు బిషపు అయ్యారని మనకు తెలుసు. ఒకే సంవత్సరములో అరవవారు తెలుగువారి కొరకు, తెలుగువారు ఆఫ్రికాలోని తమవారి కొరకు! అజరయ్య గారి పేరు మనకందరికీ నోటికి వస్తుంది. రంగయ్య గారి పేరు మన రాయలసీమ సంఘములలో ఎంతమంది విన్నారు? వేరే మిషను అనే గోడ దీనికి ఒక కారణమని నాకు అనిపిస్తుంది.

ఒక ఉపాధ్యాయుని కుటుంబము నెల్లూరులో గౌరవముగా బ్రతుకుతున్నది. నేటాలులో దిగిన మరుక్షణము వారు కూలీలే. అక్కడ తెల్లవారికి భారతీయుడు ఎవడైనా కూలీ. బారిస్టరు చదివిన గాంధీ గారిని కూడ కూలీ బారిస్టరు అన్న దేశము అది. రంగయ్య గారు ఏ ఒప్పందము మీద వ్రేలు అద్దలేదు. అయినను ఒప్పందపు కూలీలు ఉండే పాకల మధ్య తిరగడానికే ఆయన వెళ్లారు. తోటలో అడుగుపెట్టవలెనంటే యజమాని అనుమతి కావాలి. వినేవారికి ఆదివారము తప్ప తీరిక లేదు, చెరకు కోతల కాలములో ఆ తీరిక కూడ తక్కువ. ఆయన భార్యను గూర్చి కూడ తలంచండి. ఆకు కోసి వచ్చిన స్త్రీలు తమ బాధ మగ కాపరితో చెప్పుకొనరు. అక్కడికి వచ్చిన ఓడలలో ప్రతి నూరుమంది పురుషులకు నలభైమంది స్త్రీలు ఉండవలెనని నియమము, అంతకు మించి అరుదు. అటువంటి చోట ఆడది ఎంత భయములో బ్రతికి ఉంటుందో నేను చెప్పనక్కరలేదు. కాపరి ఇంట్లో తెలుగు మాట్లాడే ఒక అమ్మ ఉండుట వారికి ఎంత ఆదరణయో ఊహించండి.

1903 డిసెంబరు 27న, క్రిస్మసు అయిన రెండు దినములకు, కియర్స్‌నీలో మొదటి తెలుగు బాప్టిస్టు సంఘము స్థాపించబడింది. అక్కడ నుండి పని స్టాంగరు, డార్నాలు, డర్బను వంటి చోట్లకు వ్యాపించింది. ఐదేళ్లు నిండినవారు తోటలు మారేవారు, పట్టణమునకు పోయేవారు, బొగ్గు గనులకు పోయేవారు. మంద చెదిరిన చోటెల్ల కాపరి వెళ్లవలసి వచ్చింది. ఊరిలో స్థిరముగా ఉన్న సంఘమును కాయడము ఒక పని, ఏటేట చోటు మార్చే సంఘమును కాయడము వేరొక పని. సిమెంటు ఫ్యాక్టరీల చుట్టూ ఉన్న మన కాపరులకు ఇది కొంచెము తెలుసు.

అంతా సవ్యముగా జరిగిందని చెప్పి మిమ్మును మభ్యపెట్టను. నెల్లూరు దూరము, డబ్బు తక్కువ. నేటాలులోని భారతీయ బాప్టిస్టుల మధ్యనే విభేదములు వచ్చినవి, చీలిక కూడ వచ్చింది. మన మిషను చరిత్రలు ఇటువంటి పుటలను మెల్లగా తిప్పివేస్తాయి. పదిమంది తెలుగువారు కూడిన చోట రెండు కమిటీలు ఉంటాయని మనమే నవ్వుకొంటాము గదా! ఆఫ్రికా గాలి సోకినంత మాత్రాన అది మారలేదు. 1914లో రంగయ్య గారి పక్షపు సంఘములు నేటాలు భారతీయ బాప్టిస్టు అసోసియేషనుగా ఏర్పడినవి.

దానికి ముందటి ఏడు, 1913, ఆ దేశములో గొప్ప సమ్మె జరిగింది. మూడు పౌనుల పన్ను తీసివేయవలెనని గాంధీ గారు పిలువగా, అక్టోబరులో న్యూకాసిల్ బొగ్గు గనులలో మొదలై నవంబరులో తీరములోని చెరకు తోటలకు ప్రాకింది. వేలమంది కూలీలు పని విడిచారు. కొందరు కాల్పులలో చనిపోయారు. ఆ రోజులలో రంగయ్య గారు నేటాలులోనే ఉన్నారు, ఆయన మంద ఆ తోటలలోనే ఉన్నది. 1914లో చట్టము మారి పన్ను పోయింది. కొత్త కూలీల ఓడలు అంతకు ముందే, 1911లో, మన దేశ ప్రభుత్వము ఆపివేయగా నిలిచిపోయినవి. చవుక చేతులు దొరకక హ్యూలెట్ దొరల తేయాకు కూడ క్రమముగా పోయి, ఆ కొండలు చెరకుగా మారినవి. ఏడున్నర రూపాయల మీద నిలిచిన తోట ఏడున్నర రూపాయలవాడు రానప్పుడు నిలువలేదు.

1915లో జాన్ రంగయ్య గారు ప్రభువునందు నిద్రించారు. పన్నెండేళ్ల పరిచర్య. తరువాతి కాలములో ఆయన కుమారుడు రెవరెండు టి. ఎం. రంగయ్య గారు కూడ ఆ దేశములోనే ఆ సంఘముల మధ్య పనిచేశారు.

మరి ఆ తెలుగువారు ఏమైనారు? ఎక్కువమంది తిరిగి రాలేదు. కూరగాయలు పండించి డర్బను వీధులలో అమ్మారు, హోటళ్లలో పనిచేశారు, పిల్లలను చదివించారు. 1931లో డర్బనులో ఆంధ్ర మహాసభ పెట్టుకొన్నారు, తెలుగు బడులు నడిపారు. అయినను మూడవ తరమునకు ఇంటిలో ఇంగ్లీషు వచ్చింది, గుడిలో కూడ ఇంగ్లీషు వచ్చింది. ఆనాడు ఏ భాష కొరకు కాపరిని అడిగారో ఆ భాష మునిమనుమల నోట లేదు. దీనిని నష్టమని ఏడ్వవలెనో, ఆ దేశములో వేళ్లూనారని సంతోషించవలెనో నేను తీర్పు చెప్పలేను. నార్వేవారికి కూడ ఇదే జరిగింది, వారి గుడులలో నార్వే భాష పోయి ఇంగ్లీషే నిలిచింది.

అయితే వారికి మిగిలినది ఒకటి ఉన్నది. ఓడ ఎక్కిన ప్రతి మనిషికి ఒక నంబరు ఇచ్చి, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, ఊరు, తాలూకా, జిల్లా, ఒంటి మీద మచ్చలు వ్రాసిన పట్టీలు డర్బనులో భద్రముగా ఉన్నవి. తొలి ఓడల పట్టీలలో తెలుగువారిని జెంటూలు అని వ్రాశారు. క్రైస్తవులకు కులము అనే గడిలో క్రైస్తవుడు అనే వ్రాశారు. ఇంగ్లీషు గుమాస్తా తన చెవికి వినబడినట్లు మన ఊళ్ల పేర్లు వ్రాసికొన్నాడు. నాయుడు, రెడ్డి అనే పేర్లు అక్కడ ఇంటిపేర్లుగా స్థిరపడినవి. ఈ పట్టీలు పట్టుకొని మనుమలు, మునిమనుమలు మన దేశమునకు వచ్చి, మా తాత ఊరు ఇది అంటున్నారు, ఎక్కడ ఉన్నది అని వెదకుతున్నారు. వారు వచ్చి అడిగేది ఎవరిని? రెవెన్యూ ఆఫీసును, గుడిని.

కాబట్టి నా మనవి ఇది. మీ సంఘములో పాత బాప్తిస్మపు రిజిస్టరు ఉంటే దానిని బీరువా అడుగు నుండి తీయండి. చెదలు పట్టి ఉంటే ఎండలో వేసి, దులిపి, ఫోటోలు తీయించి, రెండు చోట్ల దాచండి. ఇప్పుడు కువైటులో, ఖతారులో ఉన్న మీ సంఘపు బిడ్డల పేర్లు, వెళ్లిన తేదీ, పని ఇచ్చినవాని చిరునామా, ఫోను నంబరు ఒక కొత్త పుస్తకములో వ్రాసిపెట్టండి. శుక్రవారము అక్కడ సెలవు, ఆ దినమున తెలుగు ఆరాధనలు జరుగుచున్నవి. ఏ గుడికి పోతున్నారో అదికూడ వ్రాయండి. నెలకు ఒకసారి కాపరి గాని, స్త్రీల సమాజపు కార్యదర్శి గాని ఆ నంబర్లకు ఫోను చేయవలెను. పుస్తకము ఖరీదు నూరు రూపాయలు దాటదు.